శాంతిరాజు చెవులు

యానాంలో అగ్రహారం శాంతిరాజు దరియాలతిప్ప వైపు రొయ్యల చెరువుల మీద పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. మేత చల్లడం, రొయ్య మేత తింటోందో లేదో చెక్ ట్రేలు లేపి చూడటం, ఏరియేటర్లు తిప్పడం అతని పని. నీళ్లలోకి గాలి కొట్టే ఆ యంత్రాలు కాసేపు ఆగాయంటే చెరువులో రొయ్యంతా పైకి తేలిపోతుంది. గట్టు మీది పాకలో కూర్చుని, ఎనిమిది ఏరియేటర్ల హోరులో ఏది బరువుగా తిరుగుతోందో చెప్పేసేవాడు శాంతిరాజు. "మోటారు కాలేలోపే మావోడి చెవికి తెలిసిపోద్ది" అని చెరువు యజమాని పెదబాబు పదిమందిలో చెప్పుకునేవాడు. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేది కూడా శాంతిరాజే.

నేనూ యానాంలోనే, మెట్టకూరులో ఉంటాను. పేరు శ్రీరామచంద్రమూర్తి. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. శాంతిరాజు కూతురు ఎస్తేర్‌రాణి నా దగ్గర చదువుకుంది. అతనితో నా పరిచయం చాలాకాలం అంతవరకే. దారిలో కనబడితే సైకిల్ దిగి, "బాగున్నారా మాస్టారూ" అని మళ్లీ ఎక్కేవాడు.

దగ్గు మొదలయ్యాక మూడు నెలలు మందుల షాపు సిరప్‌తో నెట్టుకొచ్చాడు. కళ్లెలో నెత్తురు జీర చూసి భార్య సుశీల కంగారుపడి ఆసుపత్రికి తీసుకెళ్లింది. టీబీ అన్నారు. ఆరు నెలలు మందు వాడమన్నారు. మూడో నెలకల్లా దగ్గు తగ్గి కాస్త ఒళ్లు చేశాడు. మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పేది, ఎండలో గట్టు మీద కళ్లు బైర్లు కమ్మేవి. మానేశాడు. ఈ మాట అతను ఎన్నడూ ఎవరి దగ్గరా దాచలేదు.

ఏడాది తిరక్కుండా జబ్బు తిరగబెట్టింది. ఈసారి మామూలు మందులకు లొంగని రకం. పక్క రాష్ట్రంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లి చేర్చారు. రోజూ గుప్పెడు మాత్రలు, వారానికి ఆరు సూదులు, అలా ఆరు నెలలకు తక్కువ కాకుండా అన్నారు. కొన్నాళ్లకు ఇంటికి పంపేసి, సూది ఊళ్లోనే వేయించుకునే ఏర్పాటు చేశారు.

రెండో నెలాఖరులో చెవుల్లో సన్నగా రొద మొదలైంది. సూది వేసే ఆమెతో చెప్తే నీరసమంది. ముందు సైకిల్ బెల్లులు వినపడటం మానేశాయి. తరవాత ఫోను మోగడం. తరవాత కూతురి గొంతు. సుశీలది కాస్త బొంగురు గొంతు, అది ఇంకొన్నాళ్లు నిలిచింది. నాలుగో నెలలో పెద్దాసుపత్రికి వెళ్లి చూపించుకున్నారు. డాక్టరు కాగితాలు చూసి, "సూదులు ఆపితే మనిషి దక్కడు. చెవులు కావాలా, ప్రాణం కావాలా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న శాంతిరాజుకు వినపడలేదు. సుశీలే జవాబు చెప్పింది.

"ప్రాణమే కావాలండి."

జబ్బు నయమైంది. కళ్లె పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చాయి. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో శాంతిరాజు పూర్తిగా చెవిటివాడై చెరువు గట్టుకు తిరిగి వెళ్లాడు. నెల కూడా పనిచేయలేదు. ఒకరోజు తెల్లవారుజామున కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే, పాకలో నిద్రపోతున్న అతనికి తెలియలేదు. పెదబాబు వచ్చేసరికి నీళ్ల మీద తెల్లగా తెట్టు కట్టినట్టుంది. అతను తిట్టలేదు. శాంతిరాజు మొలలో ఉన్న షెడ్డు తాళాలు తనే విప్పుకుని, భుజమ్మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. చర్చిలో డోలక్‌ది కూడా అదే సంగతి. రెండు ఆదివారాలు పాట ఒక దారిన, అతను ఒక దారిన పోయారు. మూడో ఆదివారం అతనే వెనక బెంచీలో కూర్చున్నాడు.

ఆ తరవాత అతను పొలం పనులకు పోయేవాడు. సుశీల రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి కుదిరింది. ఇంట్లో మాటలన్నీ ఒక నోటుబుక్కులోకి చేరాయి. అతను ఏడో తరగతి దాకా చదివినవాడే. ఎదుటివాళ్లు రాస్తారు, అతను చదువుకుని నోటితో జవాబు చెప్తాడు. తన గొంతు తనకు వినపడదు గనక ఎంత గట్టిగా మాట్లాడుతున్నదీ తెలియదు. పక్కింటికి వినపడేలా అరిచేవాడు. సుశీల అరచెయ్యి కిందికి ఊపుతూ ఉండేది, తగ్గించమని.

అతను నా ఇంటికి మొదటిసారి వచ్చింది ఆ రోజుల్లోనే. మార్చిలో క్షయ దినం సభ పెడుతున్నారు, జబ్బు తగ్గిన మనిషిగా వేదిక మీద మాట్లాడమని పిలిచారు. "రెండు ముక్కలు చెప్పమన్నారండి. మందులు వాడితే తగ్గుద్దని. అంతేనా, జరిగిందంతా సెప్పొచ్చా?" అని అడిగాడు. నోటుబుక్కులో 'జరిగింది జరిగినట్టు చెప్పు' అని రాసిచ్చాను. ఆ మూడు మాటలు రాసేటప్పుడు నేను పెద్దగా ఆలోచించలేదు.

సభకు నేనూ వెళ్లాను. బడిపిల్లల ర్యాలీ అయ్యాక హాల్లో కూర్చోబెట్టారు. వేదిక మీద పెద్దలు, శాలువాలు, బిస్కెట్ ప్యాకెట్లు. శాంతిరాజుకు దండ వేసి మైకు ముందుకు తోశారు.

"నా పేరు శాంతిరాజండి. అగ్రహారం. తప్పు నాదేనండి, మందులు సగంలో మానేసేను. మీరెవరూ అలా చెయ్యకండి. వాడితే తగ్గుద్ది. నాకు తగ్గింది."

చప్పట్లు కొట్టారు.

"చప్పట్లు కొడతన్నారు, చేతులు కనబడతన్నాయి. నాకు ఇనపడవండి. సూదులకి సెవులు పోయాయి. అలా పోతాయని ముందే తెలుసంటండి. నాకు సెప్పలేదు. నెలకోసారి సెవి పరీక్ష చెయ్యాలంట. ఆ మిషను ఇక్కడ లేదు. ఇప్పుడు సూదే అక్కర్లేకుండా కొత్త మాత్ర ఒచ్చిందంట, మా అమ్మాయి ఫోనులో చూపింది..."

వేదిక మీద ఒకాయన సైగ చేశాడు. మైకు ఆగిపోయింది. ఆ సంగతి శాంతిరాజుకు తెలియలేదు. ఆగిన మైకు పట్టుకునే మాట్లాడుతూ పోయాడు. మామూలుగానే అరిచినట్టు మాట్లాడే మనిషి, మైకు లేకపోయినా హాలు చివరిదాకా స్పష్టంగా వినపడింది. "ఆ మాత్ర మన యానాం వోళ్లకి ఎప్పుడిత్తారో ఇక్కడున్న పెద్దలు సెప్పాలి. నాలాగ ఇంకోళ్ల సెవులు పోకముందే సెప్పాలి." చెప్పడం అయిపోయాక దండం పెట్టి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అతను జనం చేతుల వంక చూసి తల దించుకున్నాడు.

ఎవరో ఫోనులో ఆ మాటలు తీశారు. రెండ్రోజుల్లో యానాం అంతా తిరిగాయి. పత్రికవాళ్లు వచ్చారు. కొందరు పెద్దలు చిరాకుపడ్డారు గానీ, జబ్బు పడిన ఇళ్లవాళ్లు అతన్ని వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. అలా వచ్చినవాళ్లలో హేమశ్రీ ఒకతె.

హేమశ్రీ తల్లి తెరేసా దరియాలతిప్పలో చేపలు అమ్ముతుంది. తండ్రి లేడు. పిల్ల బట్టల షాపులో సేల్స్‌గర్ల్‌గా పనిచేసేది, ఇరవై మూడేళ్లు. శాంతిరాజుకు వచ్చిన రకం జబ్బే ఆమెకూ వచ్చింది. సూదులు మొదలుపెట్టి ఆరు వారాలైంది. మూతికి మాస్కు కట్టుకుని, తల్లిని వెంటబెట్టుకుని అగ్రహారం వచ్చింది. నేను ఆ పూట అక్కడే ఉన్నాను, కొత్త మాత్ర కోసం అర్జీ రాయడానికి.

ఆమె నోటుబుక్కు తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది. 'బాబాయ్, మీకు మొదట ఏం వినపడింది?'

"సెవిలో ఈగ దూరినట్టు ఉండేదమ్మా. తల ఇదిలిస్తే పోద్దనుకునేవోణ్ణి. పోలేదు."

ఆమె నోటుబుక్కు మళ్లీ ముందుకు లాక్కుంది. తరవాత రాసింది. 'నాకు మొన్న ఆదివారం నుంచి అలాగే ఉంది.'

ఆ కింద ఇంకో ప్రశ్న రాసింది. 'మీరైతే మళ్లీ సూదులు వేయించుకుంటారా?'

శాంతిరాజు అది చదివి సుశీల వంక చూశాడు. నా వంక చూశాడు. పొలం పనికి పోయి వచ్చిన బట్టలతోనే ఉన్నాడు, మోకాళ్ల దాకా బురద ఎండి ఉంది.

"ఏమో తల్లీ," అన్నాడు.

సుశీల గబుక్కున అందుకుంది. "అలా అనకయ్యా. వేయించుకోమ్మా. ముందు మనిషి మిగలాలి." ఆ మాట అతనికి వినపడలేదు. పిల్లకు వినపడింది గానీ ఆమె చూపు శాంతిరాజు మీదే ఉంది.

మర్నాడు శాంతిరాజు హేమశ్రీని ఆసుపత్రికి తీసుకెళ్లి చెవులు పరీక్ష చెయ్యమని అడిగాడు. మిషను లేదన్నారు. కొత్త మాత్రకు పేరు పంపమని అడిగాడు. అది పైనుంచి రావాలి, ఎవరికి ఇవ్వాలో పాండిచేరిలో తేలుస్తారన్నారు. అందరూ మర్యాదగానే చెప్పారు. సూది వేసే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. 'నా చేతుల్లో ఏముంది అన్నయ్యా' అని నోటుబుక్కులో రాసింది.

అయితే పాండిచేరి వెళ్దామన్నాడు శాంతిరాజు.

మా యానాం చుట్టూ ఉన్నది ఆంధ్రా, మా ప్రభుత్వం మాత్రం పాండిచేరిది. ఆంధ్రా వైద్యం కార్డులు మాకు చెల్లవు. మా ఫైలు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో కదలాలి. కాకినాడలో రైలెక్కి నేనూ అతనూ బయల్దేరాం. అర్జీలో మూడు కోరికలు రాశాను. చెవి పరీక్ష మిషను, కొత్త మాత్ర, రోగులకు దారి ఖర్చూ తిండి ఖర్చూ. అక్కడ ఆఫీసులో అందరూ తమిళంలో మాట్లాడుతున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే శాంతిరాజు నవ్వాడు. "మాస్టారండీ, అరవం ఇనపడినా ఒకటే, ఇనపడకపోయినా ఒకటే. ఇయ్యాల మీరూ నేనూ సమానం."

ఆ ప్రయాణంలో అతను నవ్వింది అప్పుడొక్కసారే.

రెండో రోజు మధ్యాహ్నం ఒక ఆఫీసరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. నలభై ఏళ్లుంటాయి, ఓపికగా విన్నది. నోటుబుక్కులో ఇంగ్లీషులో రాస్తే నేను తెలుగులో కింద రాసి అతనికి చూపించాను. 'మీ ప్రాంతంలో ఈ రకం రోగులు మా లెక్క ప్రకారం నలుగురు. బడ్జెట్‌లో నలుగురి కోసం ప్రత్యేకంగా పెట్టించడం కష్టం. ఒక మిషను కొనాలంటే ఇంతమంది అని చూపించాలి.'

శాంతిరాజు అది రెండుసార్లు చదివాడు.

"నలుగురే కదండీ. నలుగురికీ ఇచ్చేత్తే అయిపోద్ది కదండీ."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమె హేమశ్రీ కాగితాలు తీసుకుని, కొత్త మాత్ర జాబితాలో పేరు చేరుస్తానంది. చేర్చింది కూడా. మేం తిరిగొచ్చిన పది రోజులకు ఒక ప్రశ్నతో ఫైలు వెనక్కి వచ్చింది. సూది వల్ల చెవికి నష్టం జరుగుతోందని చెవి పరీక్ష రిపోర్టు జతచేయాలి. ఆ పరీక్ష చేసే మిషను కోసమే అదే అర్జీలో అడిగామని నేను జవాబు రాశాను. జవాబుకు మళ్లీ జవాబు రాలేదు. చివరికి తెరేసా చెవి కమ్మలు తాకట్టు పెట్టి కూతుర్ని కాకినాడలో ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి రిపోర్టు తెచ్చింది. రిపోర్టులో నష్టం ఉంది. పంపాం.

ఈ లోపల మాకెవరికీ తెలియని సంగతి ఒకటుంది. హేమశ్రీ సూదులు మానేసింది.

సూది కోసమని రోజూ ఇంట్లోంచి బయల్దేరేది. సగం దారిలో గోదావరి గట్టు మీద కూర్చుని, కాసేపు ఫోనులో పాటలు విని తిరిగొచ్చేది. సూది వేసే ఆమె మూడుసార్లు ఇంటికి వచ్చి అడిగితే కాకినాడలో వేయించుకుంటున్నానని అబద్ధం చెప్పింది. మాత్రలు వేసుకుంటూనే ఉంది గానీ, ఆ జబ్బుకు అవి చాలవు. మేం ఫైలు కోసం ఎదురుచూస్తూ ఉన్నాం. ఆ పిల్ల మాత్ర కోసం ఎదురుచూస్తూ చిక్కిపోతోంది. పదకొండు వారాలు.

కొత్త మాత్రల డబ్బా వచ్చిన రోజున శాంతిరాజు సైకిల్ మీద మా ఇంటికొచ్చి వీధిలోంచే అరిచాడు. "మాస్టారండీ, ఒచ్చేసింది!" ఇరుగుపొరుగు తలుపులు తీసి చూశారు. నేనూ సంబరపడ్డాను. మా ఆవిడ అతనికి కాఫీ ఇచ్చింది. ఒక మనిషి, ఒక మాస్టారు, ఒక అర్జీ కలిసి ప్రభుత్వాన్ని కదిలించాయని నేను ఆ పూట గర్వపడ్డ మాట నిజం.

హేమశ్రీ ఆ మాత్రలు పదహారు రోజులు వేసుకుంది. పదిహేడో రోజు పొద్దున్న తలకు నూనె రాయించుకుంటూ దగ్గింది. నెత్తురు ఆగలేదు. ఆసుపత్రికి చేర్చేలోపే పోయింది. జబ్బు ఊపిరితిత్తుల్ని అప్పటికే బాగా తినేసిందని, డబ్బా రెండు నెలల ముందు వచ్చి ఉంటే ఏమో అని డాక్టరు అన్నాడు. సూదులు మానేసిన సంగతి కూడా అప్పుడే బయటపడింది.

డబ్బాలో చాలా మాత్రలు మిగిలాయి. అవి ఖరీదైనవి, జాబితాలో తరవాతి పేరు మెట్టకూరు అమ్మన్నది. అమ్మన్న ఆటో తోలుతాడు, అతనికీ ఇదే జబ్బు. మిగిలిన మాత్రలు తెప్పిస్తే అతనికి వెంటనే మొదలుపెట్టొచ్చు. కానీ పిల్ల పోయిన ఇంటికెళ్లి డబ్బా అడగడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. శాంతిరాజును వెళ్లమన్నారు. నేను తోడు వెళ్లాను.

తెరేసా గడప మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. నేను విషయం చెప్పాను. ఆమె నా వైపు చూడకుండా శాంతిరాజు చేతిలోని నోటుబుక్కు లాక్కుంది. ఆమెకు రాయడం రాదు. పుస్తకం నా చేతుల్లోకి విసిరేసి అంది.

"రాయి మాస్టారూ. నేను చెప్పినట్టే రాయి. నా పిల్ల నిన్ను అడిగింది. వేయించుకోమని ఒక్క మాట అంటే వేయించుకునేది. నువ్వనలేదు. నువ్వు సభలో అరిచిన దగ్గర్నుంచి నా పిల్ల నిద్దరపోలేదు. నీకు చెవులే పోయాయి. నాకు పిల్ల పోయింది. రాయి."

నేను రాయలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని పుస్తకం మీద పెట్టింది. రాశాను. శాంతిరాజు నిలబడే చదివాడు. మోకాళ్ల మీద కూర్చుని తల నేలకు ఆనించాడు.

తెరేసా లోపలికెళ్లి డబ్బా తెచ్చి గడప అవతల పెట్టింది. "అమ్మన్నకు పెళ్లాం బిడ్డలున్నారు. పట్టుకుపోండి," అని తలుపు వేసేసింది.

అమ్మన్న బతికాడు. ఇప్పటికీ ఆటో తోలుతున్నాడు, చెవులు చక్కగా వినపడతాయి.

ఆ తరవాత శాంతిరాజు ఏడాదికి పైగా ఏ సభకూ రాలేదు. పత్రికవాళ్లు వస్తే పెరటి దారిన పొలానికి పోయేవాడు. సుశీల నాతో ఒకసారి అంది. "ఆ పిల్ల రాసి అడిగిన కాగితం నోటుబుక్కులోంచి చింపి దాచుకున్నాడండి, బైబిల్లో. దాన్ని తీసి చూసుకుంటాడు. నేనూ ఆయనకి ఒకప్పుడు జవాబు చెప్పేను కదా మాస్టారూ, ప్రాణమే కావాలని. నా జవాబుకి ఆయన బతికేడు. ఆయన జవాబుకి ఆ పిల్ల పోయింది. ఆ మాట నేను ఆయనతో అనలేదు. అనకుండానే ఆయనకి తెలుసు."

సభకు ముందు నేను రాసిచ్చిన మూడు మాటలు నాకూ గుర్తే. వాటి సంగతి నన్నెవరూ అడగలేదు.

ఆ మరుసటేడు చెవి పరీక్ష మిషను మంజూరైంది. మా అర్జీ వల్లనో, ఆ ఆఫీసరమ్మ వల్లనో, బడ్జెట్ సంవత్సరం అయిపోవస్తుంటే మిగిలిన నిధులు ఖర్చు పెట్టాలనో తెలియదు. అద్దాల గది కట్టారు, రిబ్బను కట్టారు. పోరాడిన మనిషని శాంతిరాజును బలవంతాన తీసుకొచ్చారు. ఫొటో కోసం అతన్నే గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమని చేతికి ఒక మీట ఇచ్చారు. అతను మీట పట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. బయట అందరూ చూస్తున్నారు. అయిదు నిమిషాలు కూర్చున్నాక, తప్పు చేసినవాడిలా అద్దంలోంచి నా వంక చూశాడు. మర్నాడు పత్రికలో ఆ ఫొటో వచ్చింది.

అప్పటికి దేశమంతటా ఆ జబ్బుకు సూదులు ఆపేసి మాత్రలే ఇవ్వడం మొదలుపెట్టారు. ఇక సూదుల కోసం చెవులు పరీక్ష చేయాల్సిన పనే లేదు. మిషను వచ్చింది గానీ దాన్ని నడిపే పోస్టు రాలేదు. గదిలో ఇప్పుడు టీకాల పెట్టెలు పెట్టుకుంటున్నారు.

శాంతిరాజు మళ్లీ బయటికి రావడానికి కారణం మాత్రలు ఆగిపోవడం. నిరుడు వేసవిలో మామూలు టీబీ మందులే మూడు వారాలు సరిగ్గా రాలేదు. వారానికి ఇచ్చేది రెండు రోజులకు ఇచ్చారు, ఆ తరవాత రేపు రమ్మన్నారు. సగంలో మానేస్తే ఏమవుతుందో శాంతిరాజుకు ఎవరూ చెప్పక్కర్లేదు. అతను సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి ఎవరి దగ్గర ఎన్ని రోజుల మందుందో రాసుకొచ్చాడు. "ఒకడు మానేత్తే వాడి తప్పండి, నా తప్పులాగ. మందే లేకపోతే అది ఎవరి తప్పని రాత్తారు మాస్టారూ?" అన్నాడు. పాండిచేరి నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నాడని తెలిసి అర్జీ రాయించాడు. రోగుల ఇళ్ల సంతకాలు కావాలి. తెరేసా ఇంటి దగ్గరికి వచ్చేసరికి నేను సైకిల్ దిగి నిలబడిపోయాను. ఆమే పిలిచింది.

"ఏంటి మాస్టారూ, అందరి దగ్గరా పెట్టించుకున్నారు. నాది అక్కర్లేదా?"

వేలిముద్ర వేసింది. "ఎప్పుడు వెళ్లాలి? నేనూ వస్తాను," అంది.

అధికారి ముందు పన్నెండుమందిమి కూర్చున్నాం. శాంతిరాజు ఒక చివర, తెరేసా ఇంకో చివర. ఆయన తెలుగు వచ్చినవాడే. అర్జీ చదివి, సరఫరాలో చిన్న ఆలస్యం, కంగారు పడొద్దన్నాడు. తెరేసా లేచింది.

"అయ్యా, నా పేరు తెరేసా. నా కూతురు హేమశ్రీ. అదుగో, ఆ శాంతిరాజు మాట విని నా పిల్ల సూదులు మానేసింది, చచ్చిపోయింది. అతని మాట అప్పుడే మీ ఆఫీసోళ్లు విని ఉంటే మాత్ర ముందే వచ్చేది, నా పిల్ల ఉండేది. నా పిల్ల విన్నాది. మీరు వినలేదు. ఇప్పుడు మళ్లీ ఆలస్యమంటున్నారు. ఎన్ని రోజులో చెప్పండి. నేను చేపలు అమ్ముకునేదాన్ని, నాకు రోజుల లెక్క తెలుసు. ఎన్ని రోజులు?"

అధికారి కాగితాలు సర్దుకుని, పది రోజులు అన్నాడు.

శాంతిరాజు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏం సెప్పిందండి?" అతని గొంతు ఆ గదంతా వినపడింది. తెరేసాకూ వినపడింది. ఆమె తల తిప్పలేదు.

మొత్తం రాసిచ్చాను, మొదటి మాట దగ్గర్నుంచి. అతను చదివాడు. ఆ కాగితం చింపి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, "మందు పది రోజులకి వత్తాదన్నారా?" అని అడిగాడు.

పద్నాలుగు రోజులకు వచ్చింది. ఈలోగా ముగ్గురికి మందు తప్పింది. ఇద్దరు మళ్లీ వాడి కోలుకున్నారు. మూడో మనిషి వీరవేణి, మెట్టకూరులో ఇళ్లల్లో పనిచేసుకునే ఆమె. పోయిన నెల కళ్లె పరీక్షలో ఆమె జబ్బు మామూలు మందులకు లొంగని రకంలోకి మారిందని తేలింది. మందు తప్పడం వల్లే మారిందో కాదో చెప్పలేమన్నారు. ఆమెకు సూదుల్లేవు, మాత్రలే. తొమ్మిది నెలలు వేసుకోవాలి. శాంతిరాజు పొద్దున్నే పొలానికి పోయే ముందు ఆమె ఇంటి అరుగు మీద కూర్చుంటాడు. ఆమె మాత్ర మింగి నోరు తెరిచి చూపిస్తుంది. అతను తల ఊపి సైకిల్ ఎక్కుతాడు.